తమ్ముడి ఆమెన్ కోసం ఆగిన టీచరమ్మ

మా సండే స్కూల్ టీచరమ్మ పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను హైటెక్ సిటీ ఆఫీసులో, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరిదో ఫిర్యాదు వింటున్నాను. నిద్రలోనే పోయారట. పాస్టరమ్మ ఏడుస్తూ చెబుతున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఇక తమ్ముడి కోసం ఎవరు ఆగుతారు అన్న ఒక్క మాటే తలలో తిరిగింది.

తమ్ముడు నాకంటే రెండేళ్లు చిన్న. పుట్టినప్పుడే మెదడుకు దెబ్బ తగిలి కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేవు. ఒక మాట బయటికి రావాలంటే వాడికి చాలాసేపు పడుతుంది. వచ్చినప్పుడు కేకలా వస్తుంది. మా చర్చి ఖాజాగూడలో టైల్స్ దుకాణం పైన, రెండో అంతస్తులో ఒక కిరాయి హాలు. లిఫ్టు లేదు. ప్రతి ఆదివారం అమ్మానాన్నలు వాడిని మోసుకుని ఎక్కేవాళ్లు.

ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో వాడు కేక వేశాడు. "వాక్యం వినబడ్తలేదమ్మా, జర బయట కూసోబెట్టు" అన్నారెవరో. అమ్మ తలవంచుకుని వాడినీ నన్నూ మెట్ల మీదికి తెచ్చింది. కాసేపటికి టీచరమ్మ కూడా వచ్చి మా పక్కన కూర్చున్నారు. సంచిలోంచి సోంపు తీసి మా చేతుల్లో పోశారు. మరుసటి ఆదివారం పిల్లలందరినీ తెచ్చి ఆ మెట్ల మీదే క్లాసు పెట్టారు. పాస్టరుగారికి పైకి వెళ్లడానికి దారి లేకుండా పోయింది.

"ఏందమ్మా ఇది?" అన్నారాయన.

"జర చూసి నడువుండ్రి అయ్యగారూ. సంఘం ఈడ కూసుంది."

ఆ రోజే తమ్ముడికి లోపల, ముందు వరుసలో, ఆమె కుర్చీ పక్కన చోటు దొరికింది.

ప్రభువు బల్ల నాడు అందరికీ పంచే రొట్టెముక్క వాడి గొంతుకు అడ్డం పడకుండా ద్రాక్షరసంలో నానబెట్టి టీచరమ్మే పెట్టేవారు. మూతి తన కొంగుతోనే తుడిచేవారు. స్వస్థత ప్రార్థన చేస్తామని వాడి తల మీద చేతులు పెట్టేవాళ్లు కొందరు వచ్చేవాళ్లు. వాళ్లతో, "వాడు నడవాలని దేవుణ్ణి తర్వాత అడుగుదురు గని, ముందుగాల వాని పేరు అడుగుండ్రి" అనేవారు.

చివరి ప్రార్థన దగ్గర మాత్రం ఆమె మొండిమనిషి. పాస్టరుగారు ఆమెన్ అన్నాక అందరూ కళ్లు తెరవబోతే చెయ్యెత్తేవారు.

"ఉండుండ్రి. మావోని ఆమెన్ ఇంకా రాలే."

కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన ఒక సంఘపెద్ద ఒకసారి, "ఈ అబ్బాయి కోసం కూర్చుంటే మటన్ కొట్టు కట్టేస్తారండీ టీచరుగారూ" అన్నారు.

"ఇయ్యాల పప్పు తినుండ్రి."

అందరూ నవ్వారు, ఆయనతో సహా. రానురాను అది మా చర్చి పద్ధతి అయిపోయింది. పెద్దవాళ్లూ పసివాళ్లూ కళ్లు మూసుకుని ఆగేవాళ్లు. ఫ్యాన్ల చప్పుడు, కింద రోడ్డు మీద హారన్లు. అప్పుడు మెల్లగా, విరిగి విరిగి, తమ్ముడి ఆమెన్ వచ్చేది. అది వచ్చాకే ఆదివారం ముగిసేది.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. చర్చిలో లేచి వాక్యం చదవమంటే వెనక వరుసలోకి జరిగేదాన్ని. "తప్పు చదివితే ఏమైతది బిడ్డా, మళ్ల చదువుతవు" అనేవారు టీచరమ్మ. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అప్పుడు ఆమె నాకోసం కూడా ఆగబట్టే.

మొన్న ఆమె జ్ఞాపకార్థం ఆదరణ కూడిక జరిగింది. ఎక్కడెక్కడి బంధువులో వచ్చారు. ముందు వరుసలు వాళ్లకిచ్చి తమ్ముడిని వెనక, తలుపు దగ్గర కూర్చోబెట్టారు. ఎవరినీ తప్పుపట్టలేను, అందరూ దుఃఖంలో ఉన్నారు. ఎవరో కొత్త పాస్టరుగారు ప్రార్థన ముగించి ఆమెన్ అన్నారు. అంతే, కుర్చీలు కదిలాయి. భోజనాలకు పిలుపు వచ్చింది. నేను ఆమెలాగే చెయ్యెత్తి, "ఉండండి, తమ్ముడిది ఇంకా రాలేదు" అన్నాను. పక్కనున్నావిడ నా చేతిలో విస్తరాకు పెట్టి ముందుకు వెళ్లింది. మా పాస్టరుగారు దూరం నుంచి చూశారు. చూసి, బంధువుల వైపు తిరిగారు.

"ఇగ వచ్చుడు బంద్ చేద్దామా బిడ్డా?" అని అడిగింది అమ్మ నెమ్మదిగా.

నేను మిమ్మల్ని అడుగుతున్నాను. ఒక మనిషి పోతే, ఆ మనిషి నేర్పిన ఓపిక కూడా ఆ వారమే పోవాలా?

ఆ రోజు హాలు ఖాళీ అవుతోంది. కుర్రాళ్లు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ మా వరుస దాకా వచ్చారు. తమ్ముడు ఇంకా కళ్లు తెరవలేదు. మెడ నరాలు బిగిశాయి. నోరు తెరిచి, ఆ మొదటి అక్షరం కోసం లోపల ఎక్కడో వెతుక్కుంటున్నాడు.