చిన్నాయన తెల్లచొక్కా ర్యాంపు ఎక్కిన కథ

"మేడమ్, మీ బంధువుల్లో ఫ్యాక్షన్ చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఫోన్లో ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న ఇదే. చుట్టాలు వచ్చినప్పుడు ఇంట్లో కాఫీపొడి లేదని చెప్పడానికి ఎంత సిగ్గుపడతామో అంత సిగ్గుపడి "లేరమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి హైదరాబాదులో బట్టల డిజైనర్. కర్నూల్లో నేను జంతుశాస్త్రం చెప్పే డిగ్రీ కాలేజీలోనే పనిచేసే ఇంగ్లీషు మేడమ్‌కు చెల్లెలి కూతురు. బెంగళూరులో జరగబోయే ఒక పెద్ద ఫ్యాషన్ షోలో తన బట్టలు చూపించబోతోంది. ఈసారి ఆమె ఎత్తుకున్న విషయం రాయలసీమ. సీమ అంటే ఆమె లెక్కలో రాళ్లు, ఎర్రమట్టి, తెల్లచొక్కాలు, కోపం. మొదటి మూడింటికీ ఇక్కడ కరువు లేదు. నాలుగోది ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం బాగా దొరుకుతుంది.

నాకు ఫ్యాషన్ షోలు చూసే పిచ్చి ఉందని ఇంగ్లీషు మేడమే చెప్పినట్టుంది. నిజమే. స్టాఫ్ రూములో అన్నం తిన్నాక మిగతావాళ్లు కునుకు తీస్తుంటే నేను ఫోన్లో పారిస్ వాళ్ల ర్యాంపులు చూస్తాను. పక్షుల ఈకల గురించి ఏళ్ల తరబడి పాఠం చెప్పినదాన్ని, ఆ మాత్రం ఆసక్తి ఉండదా? ఒకసారి ఒక పెద్ద డిజైనర్ గొర్రెలకాపరి గొంగడికి నడిమధ్యన చిల్లి పెట్టి, అందులో మోడల్ తల దూర్చి పంపించాడు. ఇంకోసారి ఒక పిల్ల కోళ్లగంప బోర్లించుకున్నట్టుండే గౌనులో వచ్చింది. గళ్ల లుంగీని స్కర్టు చేసినవాళ్లకైతే లెక్కే లేదు. వాళ్లు మన దగ్గర చూసి తీసుకున్నారా, లేక చలేసిన ప్రతి మనిషికీ గొంగడి ఆలోచనే వస్తుందా అన్నది నేనింతవరకూ తేల్చుకోలేదు.

ఫ్యాక్షన్ వాళ్లు లేరని ఆ అమ్మాయి బాగా దిగులుపడింది. పాపమనిపించింది. "తెల్లచొక్కా వేసుకునే చిన్నాయన ఒకడున్నాడు, పనికొస్తాడా?" అన్నాను.

"మీసాలున్నాయా?"

"ఉన్నాయి."

"రేపే వస్తాను మేడమ్."

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. కడప జిల్లా కమలాపురం పక్క పల్లెలో చీనీతోట, అంటే బత్తాయి తోట, పెట్టుకుని ఉంటాడు. తెల్లచొక్కా, తెల్లపంచె, తెల్లచెప్పులు తప్ప ఇంకొక రంగులో ఆయన్ను గడప బయట చూసినవాళ్లు లేరు. మీసాలు చూస్తే పోలీసులు కూడా దారిస్తారు. గోడ మీద బల్లి కనబడితే మాత్రం మంచం ఎక్కి నిలబడి చిన్నమ్మను కేకేస్తాడు.

మేము వెళ్లేసరికి చిన్నమ్మ మరమరాల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు సిద్ధం చేసి పెట్టింది. ఆ అమ్మాయి కళ్లలోంచి నీళ్లు కారుతున్నా బజ్జీ వదలకుండా మొదటి ప్రశ్న వేసింది.

"అంకుల్, తెలుపే ఎందుకు? రక్తమంటే మాకు భయం లేదని చెప్పడానికా?"

చిన్నాయన నా వైపు తిరిగాడు. "ఎవురు పాపా ఈ బిడ్డకు ఇట్లాంటివన్నీ చెప్పింది?"

"సినిమాల్లో సూసింటాది చిన్నాయనా."

ఆయన మీసం నిమురుకుంటూ ఆలోచించాడు. "ఏం లేదమ్మా. ఈ మనిషి మట్టిపని చేసేటోడు కాదు అని దూరం నుంచే తెల్సాల. అంతే."

వంటింట్లోంచి చిన్నమ్మ గొంతు వచ్చింది. "అంతే కాదు పాపా. ఉతికేదానికి ఈ మనిషికి ఒక పెండ్లాం ఉండాది అని గూడా తెల్సాల. అది గూడా మీ షోలో పెట్టు."

నెమళ్లలో ముస్తాబంతా మగదానిదే, ఆడదానికి ఆ ఖర్మ లేదు అని క్లాసులో చెబుతుంటాను. ముస్తాబు మగదానిదీ చాకిరీ ఆడదానిదీ అయిన జాతి నాకు తెలిసినంతలో ఒక్కటే.

ఆ అమ్మాయి లేచి చిన్నాయన కాలరు పట్టుకుని చూసింది. పొడుగ్గా, కొసదేలి, రెండు రెక్కల్లా ఉంటుంది ఆ కాలరు. జేబుకు మూత. చేతులు మోచేతి దాకా మడత. గుళ్లో శిల్పం తాకినట్టు తాకి, "ఇది మీ తాతల కాలం నుంచి వస్తున్న కట్టింగా అంకుల్?" అని అడిగింది.

"మా తాత సొక్కా యాడేసినాడమ్మా! పైపంచ కప్పుకుంటే అదే శానా ఎక్కువ."

"మరి ఈ డిజైన్?"

చిన్నాయన ముఖం వెలిగిపోయింది. తన జీవితంలో ఈ సంగతి అడిగినవాళ్లు అంతవరకూ లేరు. "కడపలో ఒక సినిమా సూసినా. దాంట్లో విలన్ ఏసుకోనుండె. సూసినప్పుడే అనుకున్యా, కుట్టిస్తే అట్లాంటిదే కుట్టియ్యాల అని. మా టైలర్ను గూడా పిల్సకపోయి సూపిస్తి. కాలరు సూడప్పా అంటే ఆయప్ప కథలో పడిపాయ. ఇంటర్వెల్లో అడిగితే కాలరు సూళ్లేదన్న్యాడు. ఇంగ రెండో ఆట గూడా సూపియ్యాల్సొచ్చె."

ఆ అమ్మాయి ముఖం చూడాలి. సీమ మూలాలు తవ్వుకుంటూ వస్తే సినిమా హాలు తగిలింది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. సినిమావాళ్లు సీమవాళ్లని చూశామని చెప్పి కుట్టించారు. సీమవాళ్లు సినిమా చూసి కుట్టించుకున్నారు. ఇప్పుడీ అమ్మాయి మమ్మల్ని చూసి కుట్టబోతోంది. దాన్ని చూసి రేపు ఇంకో సినిమావాడు కుట్టిస్తాడు. సంస్కృతి అని మేం బరువుగా చెప్పుకునేదాంట్లో సగం ఇట్లా ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగిచూసినదే.

ఆ అమ్మాయి గట్టిది. కాసేపటికే తేరుకుని, "ఇంకా బాగుంది" అంది. కర్నూలు పక్కనున్న ఓర్వకల్లు రాళ్ల దగ్గర చిన్నాయనను ఫోటో తీయాలని అప్పటికప్పుడు నిర్ణయించుకుంది.

ఫోటో రోజున ఆమె వరసగా నాలుగు తెల్ల బండ్లలో దిగే మనిషిని ఊహించుకున్నట్టుంది. చిన్నాయన బస్సులో వచ్చాడు. సీటు మురికి అంటకుండా కింద తువ్వాలు పరుచుకుని కూర్చుని, దాన్ని మడిచి చంకలో పెట్టుకుని దిగాడు. రాళ్ల మధ్య ఆయన్ను నిలబెట్టారు. వెనక ఏనుగుల్లాంటి బండలు, పైన మండే ఆకాశం. నిజం చెప్పాలంటే దర్జాగానే ఉన్నాడు.

"కొంచెం కోపంగా చూడండి అంకుల్."

"ఎవురి మింద?"

"మీ శత్రువు ఎదురుగా ఉన్నాడనుకోండి."

"నాకు శత్రువులు యాడుండారమ్మా? మా పక్క చేనాయప్ప గట్టు జరిపినాడు. నిజమే. కానీ మా పాప పెండ్లిలో వంటల కాడ నిలబడి అంతా సూసుకునింది ఆయప్పే. ఆయప్ప మింద ఎట్ల కోపం తెచ్చుకునేది?"

కోపం తెచ్చుకోవాలని ఆయన చాలా ప్రయత్నించాడు. కనుబొమ్మలు ముడిచాడు, పళ్లు బిగించాడు. ఎంత చేసినా తిన్నది అరగని మనిషిలాగే కనబడ్డాడు. కెమెరా అబ్బాయి నిట్టూర్చాడు. ఆ అమ్మాయి గొడుగు కింద కూర్చుని నీళ్లు తాగింది.

సరిగ్గా అప్పుడు ఒకామె మేకలు తోలుకుంటూ ఆ దారిన వచ్చింది. ఆమె మమ్మల్ని చూస్తూ నిలబడింది గానీ మేకలు నిలబడలేదు. ఒక నల్లమేక చిన్నాయన వెనక్కి చేరి పంచె అంచు నోట్లో పెట్టుకుంది. చిన్నమ్మ ఆ పంచెకు బియ్యపు గంజి దట్టంగా పెట్టి ఉంటుంది. మేకకు అది పండగ భోజనం.

చిన్నాయన వెనక్కి తిరిగాడు. చూశాడు.

"ఏయ్! నీ యమ్మ..."

ఆ చూపు నేనెన్నడూ చూడలేదు. కళ్లు ఎర్రబడ్డాయి, మీసాలు లేచాయి, కాలరు రెండు రెక్కలూ గాలికి విచ్చుకున్నాయి. కెమెరా టకటకా కొట్టుకుంది. మేక మాత్రం నములుతూనే ఉంది.

"గంజి వాసనకొచ్చింటాదిలేప్పా," అంది మేకలామె తాపీగా. "దానికేం తెల్సు నువ్వు పెద్దమనిషివని."

ఫోటోలో మేక పడలేదు.

షోకి మమ్మల్ని ముగ్గురినీ పిలిచింది ఆ అమ్మాయి. బెంగళూరులో ఆ హాలు ఐసుపెట్టెలా ఉంది. చిన్నమ్మ కొంగు నిండా కప్పుకుని కూర్చుంది. దీపాలు ఆరాయి, సంగీతం మొదలైంది, వెనక తెరమీద గోడంత పెద్దదిగా చిన్నాయన కోపం ప్రత్యక్షమైంది. హాల్లో ఫోన్లన్నీ పైకి లేచాయి.

చిన్నమ్మ నా చెవిలో అంది. "ఇన్నేండ్లు కాపురం చేసినా గదా, ఇంత కోపం నాకెప్పుడూ సూపియ్యలేదే ఈ మనిషి!"

మోడల్స్ వచ్చారు. చిన్నాయన చొక్కాలు ఆడపిల్లల మీదా మగపిల్లల మీదా రకరకాలుగా నడిచాయి. ఒకదానికి చేతులు నేల ఊడ్చేంత పొడుగు. ఒకదానికి కాలరు భుజాలు దాటి పోయింది. పంచెను తొడదాకా చీల్చి కట్టించారు, అది చూసి చిన్నాయన తన పంచెను కాళ్ల మధ్యకు గట్టిగా లాక్కున్నాడు. నాకు ఇందులో చాలావరకు నాటకమే అనిపించింది. కానీ ఒక గౌను వచ్చింది. మెడ దగ్గర తెల్లగా మొదలై, కిందికి పోయేకొద్దీ కొంచెం కొంచెంగా ఎర్రబారి, అంచు దగ్గర మా చేలల్లో తొలకరి పడినప్పటి మట్టిరంగుకు తిరిగింది. అది చూస్తున్నంతసేపూ నా నోట వెక్కిరింత రాలేదు. ఈ పిల్ల మమ్మల్ని సినిమాలోనే కాదు, ఎక్కడో ఒకచోట నిజంగానే చూసిందని ఒప్పుకున్నాను.

ఆ తర్వాత వచ్చిన చొక్కాల వెనకవైపు ఎర్రమట్టి చేతిగుర్తులు, బురద చిలకరించిన మరకలు అచ్చువేసి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలుకాబోతోంది. ఆ నిశ్శబ్దంలో చిన్నమ్మ లేచి నిలబడింది.

"అయ్యయ్యో! ఈ మరకలు యాడ అంటించుకోనొచ్చిరి? ఉతక్కుండానే పంపిచ్చిరే పిల్లోళ్లని!"

నేను కొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టాను. ముందు వరసలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆపైన చప్పట్లు మొదలయ్యాయి. ఇదంతా షోలో భాగమే అనుకున్నారు. మర్నాడు ఇంటర్నెట్టులో ఒకాయన, చీకట్లోంచి వచ్చిన ఆ సీమ స్త్రీ గొంతు మొత్తం ప్రదర్శనకే ప్రాణమని రాశాడు.

చివర్లో ఆ అమ్మాయి దిగివచ్చి చిన్నాయన చెయ్యి పట్టుకుని ర్యాంపు ఎక్కించింది. ఆయనకు ఎదురుగా వెలుతురు, మనుషులు, చెవుల నిండా చప్పట్లు. రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి. ఎడమకు తిరిగి నమస్కారం, కుడికి తిరిగి నమస్కారం. ముందు వరస దగ్గరికి పోయి, వజ్రాల దుద్దులు పెట్టుకున్న ఒకామెను "బాగుండావామ్మా? అన్నం తిన్న్యావా?" అని పలకరించాడు. ఆమె బిత్తరపోయి తిన్నానని తల ఊపింది. ఆ అమ్మాయి వెనక్కి తిప్పుకుపోదామని చెయ్యి లాగితే, "ఉండమ్మా, ఆ పక్కోళ్లు ఏమనుకుంటారు" అని ఆ వరస కూడా పూర్తిచేశాడు.

ఈ ఫోటోలు పల్లెకు మాకన్నా ముందు చేరాయి. పెద్ద వేదిక, వెనక గోడంత బొమ్మ, ముందు దండం పెడుతున్న చిన్నాయన, చప్పట్లు కొడుతున్న జనం. ఫ్యాషన్ షో అన్న మాట ఎవరికీ తట్టలేదు. చిన్నాయనకు ఏదో పార్టీ టిక్కెట్టు ఖాయమైందని పుకారు లేచింది. ఏ పార్టీ అన్నది మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది. మేము ఇంటికి చేరేసరికి అరుగు నిండా మనుషులున్నారు.

"అది గుడ్డల షో అప్పా!" అని చిన్నమ్మ మొత్తుకుంది.

"అట్లనే అంటారులేమ్మా, ఇప్పుడే బయట పెట్టగూడదు గదా," అన్నారు వాళ్లు కన్నుకొడుతూ.

వాళ్లకు కావలసింది ట్రాన్స్‌ఫార్మర్. అది కాలిపోయి చేలు ఎండుతున్నాయి. చిన్నాయన కాదనలేక వాళ్లతోపాటు కరెంటు ఆఫీసుకు వెళ్లాడు. తర్వాత ఆయన నాతో చెప్పింది ఇది.

"నేనేం అనలేదు పాపా. లోపలికి పోయి నిలబడినా. ఆ సారు ఫోన్లో నా ఫోటో సూసినాడంట, ఆ మేకదే. నన్ను సూసి లేసి నిలబడినాడు. కుర్చీ ఏపిచ్చినాడు. కూసుంటే మురికి అంటుతాదని నేను కూసోలేదు. కూసోలేదని ఆ సారుకు ఇంగా భయమైనట్టుండాది."

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఆ వారంలోనే వచ్చింది.

మొన్న మే నెలలో ఊరికి వెళ్లాను. మధ్యాహ్నం చిన్నాయన వెలిసిపోయిన గళ్ల లుంగీలో, చిల్లుల బనీనులో ఫ్యాను కింద పడుకుని మామిడిపండు జుర్రుకుంటున్నాడు. గడ్డం మీదుగా రసం కారుతోంది. చిన్నమ్మ పెరట్లో ఉందో లేదో ఒకసారి తొంగిచూసి గొంతు తగ్గించాడు.

"పాపా, నిజం చెప్పు. ఆ ఫోటోలో నేను నిజంగానే అంత భయంకరంగా ఉండానా?"

కళ్లలో ఎంత ఆశో. నేను ముఖం గంభీరంగా పెట్టుకున్నాను.

"శానా భయమేసింది చిన్నాయనా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

ఆయన తృప్తిగా తల ఊపి, టెంకను గిన్నెలో వేసి, మీసాలకంటిన రసాన్ని బనీనుతోనే తుడుచుకుని, గోడవైపు తిరిగి నిద్రపోయాడు.