అక్క పాడితే వాలిన కాకులు

ఇన్నేళ్లుగా ఒక్క అబద్ధం నా గొంతులో ఇరుక్కుని ఉంది. వేములపల్లి పొలాల్లో చేప చెట్టెక్కడం చూశానని ఊరిని నమ్మించినవాణ్ణి నేను. అలాంటివేవీ బరువు కాలేదు. ఇదొక్కటే దిగదు. మీకు చెప్తాను. అక్కకు మాత్రం చెప్పకండి.

ఎనభైల చివర్లో మా బావ పోయాడు. కాపురం మిర్యాలగూడలో. పని మీద సూర్యాపేట వెళ్లి, అక్కడే గుండె ఆగి కూలిపోయాడు. ఆయనకు పాటల పిచ్చి. గొంతేమో పగిలిన డప్పు. ఆ పొద్దున రాగమెత్తితే అక్క "జర నోరు మూస్తవా?" అని కసిరింది. ఆమె ఆయనతో అన్న చివరి మాట అదే.

మూడోనాడు పిట్టకు పెట్టాం, పోయినాయన కాకై వచ్చి తింటాడని. ఇస్తరాకులో కోడికూర, బజ్జీలు, పక్కన కల్లు, అన్నీ ఆయనకిష్టమైనవే. ఒక్క కాకీ రాలేదు. వీధి చుట్టూ రైస్ మిల్లులు. వడ్లూ నూకలూ మెక్కిన కాకులకు మా కూడెందుకు? ఆ ముక్క ఎవరికీ తట్టలేదు. పిట్ట ముట్టందే ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరాదు.

"నోరు ముయ్యమన్న గదా, మూసుకున్నడు. నా మీద అలిగిండు" అంటూ అక్క గోడకు జారగిలబడింది.

చూడలేకపోయాను. నోరు ఊరుకోలేదు.

"అక్కా, కోదాడ బస్టాండ్ల బావ నాతోని అన్నడే. నేను పోతే మీ అక్క పాడితెనే దిగొస్త అని."

"నిజంగనే అన్నడా తమ్మీ?"

"నీ మీదొట్టు." తల మీద చెయ్యి కూడా పెట్టాను.

"నాకేడ పాటొస్తదిరా!"

"బావకొచ్చిందా? పాడలే?"

అక్క కొంగు అడ్డం పెట్టుకుని బావ పాటే ఎత్తుకుంది. అచ్చం కాకి గొంతు. తమవాళ్లెవరికో ఆపద వచ్చిందనుకున్నాయేమో, ముందొకటి, వెనకే గుంపంతా గోడ మీద వాలాయి. కోడికాలు ఎగిరిపోయింది.

"నా కొడుకును పాటతోనే గుంజుకొచ్చినవ్ గదనే కోడలా!" అని బావ తల్లి ముందుగా నవ్వింది. తర్వాత అక్క, కళ్లనీళ్లతో, కడుపు పట్టుకుని. అంత నవ్విన చావు మా వంశంలో మరొకటి లేదు.

అప్పటినుంచీ పెద్దలకు పెట్టే ప్రతి పెత్రమాసకూ అక్క పాడుతుంది. ఆ పైన "ఇంకేమన్నడు తమ్మీ?" అంటుంది. నేనొక మాట కలుపుతాను. బావ బతికి మాట్లాడినదానికంటే పోయాక మాట్లాడిందే ఎక్కువ.

దొంగ ఒట్టు నా తప్పంటారా? కాదు. ఆ చివరి రోజు సూర్యాపేటలో బావతో చాయ్ తాగింది నేనే. "మీ అక్క నన్ను నోరు ముయ్యమన్నదిరా" అని మురిసిపోతూ చెప్పి, బజ్జీ నములుతూ అదే పాట అందుకున్నాడు. అలకా లేదు, గిలకా లేదు. అక్కకు కావలసిన మాట అదొక్కటే. మరి ఎందుకు చెప్పలేదు? అందులో చేపా లేదు, చెట్టూ లేదు. కథకు చాలదనిపించింది. చేతిలో నిజం పెట్టుకుని అబద్ధం వడ్డించాను. ఇప్పుడు చెబితే ఇన్నేళ్లెందుకు దాచావంటుంది, కోదాడ మాట కూలుతుంది, అక్క పాట ఆగుతుంది.

రేపు పెత్రమాస. "ఇంకేమన్నడు?" అంటే ఈసారి ఆ నిజమే చెప్పాలని ఉంది. ఇన్నేళ్లూ అన్నీ నమ్మిన మనిషి దీనికి మాత్రం "పోరా, ఇది నువ్వు అల్లినవ్" అంటుందేమో.

మీకైతే చెప్పేశాను. గొంతు కాస్త తెరిపిన పడింది.