మా మామ మోకాలి నొప్పి

నిజాం రాజ్యం ముగిసిన కొత్తలో మాట. మిర్యాలగూడలో వడ్ల వ్యాపారం చేసే మా మేనమామకు మూత్రంలో నెత్తురు పడసాగింది. ధార సన్నబడి చుక్కలైంది. ఆ సంగతి నాకొక్కడికే చెప్పి, బయటపెడితే చంపుతానన్నాడు. ఆయన మూలుగు విని, వేడి చేసిందనుకున్న అత్తయ్య చెరువెడు బార్లీ నీళ్లు తాగించింది.

కోదాడ వైద్యుడికి సిగ్గుపడి మోకాలు చూపించాడు. బండెడు తైలం పూస్తే మోకాలు అద్దంలా మెరిసింది కానీ నెత్తురు ఆగలేదు.

విసిగిపోయి సూర్యాపేట దవాఖానకు లాక్కెళ్లాను. వరండాలో జాతరంత జనం.

"ఏం బాధ?" అన్నాడు డాక్టరు.

"మోకాలు సారూ."

నా ఓపిక ఖతం. "మోకాలు గాదు డాక్టర్ సాబ్! ఈయనకు మూత్రంల నెత్తురు పడుతుంది!" అని కోదాడ దాకా వినబడేలా అరిచాను.

"నీ నోట్ల మన్ను పడ! ఇజ్జత్ తీస్తివి గదర!" అంటూ మామ తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు.

అప్పుడు వెనక బెంచీ మీది ముసలాయన మెల్లగా లేచాడు. "సారూ, ఇందాక నేను చెప్పిన నడుం నొప్పి గూడ గదే."

డాక్టరు తడిమితే మామ మూత్రనాళంలో గట్టి గడ్డ తగిలింది. చిన్న ముక్క తీసి హైదరాబాదుకు పరీక్షకు పంపితే రాచపుండని, అంటే క్యాన్సరని తేలింది. మామనూ హైదరాబాదుకు తీసుకెళ్తే అక్కడ ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారు. ఇంకా ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు.

ఊళ్లో మాత్రం మోకాలి ఆపరేషనే అని ఇప్పటికీ చెప్తాడు. ఇది పత్రికలో చూస్తే మూడూళ్లు వినేలా నన్ను తిడతాడు. తిట్టనీ, ఆ గొంతు వినబడితే నాకు చాలు.