నీడలో పెట్టిన కారు

సీట్లు కుట్టేవాళ్ళు మా చుట్టుపక్కల ముగ్గురున్నా, పాత కారు అనేసరికి అందరూ వెళ్ళేది మామ కొట్టుకే. తనకంటే పదేళ్ళు పెద్దదైన నర్సమ్మకు కూడా ఆయన మామే. కుట్టు కాస్త వంకర పోతే సీటంతా విప్పి మళ్ళీ కుట్టే రకం. అలాంటివాడు మూడు వారాలుగా కొట్టుకు గోనె పరదా దించుకుని కూర్చుంటున్నాడు. ఎందుకో భార్యకు అంతు చిక్కలేదు.

"ఎండ కొడుతోంది" అన్నాడు.

"ఎండ అటు తిరిగి గంటయింది" అందామె.

అసలు సంగతి నర్సమ్మ కారు. నర్సుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ కాన్పులకు ఆవిడ తిరిగింది ఆ కారులోనే. మామ కూతురు పుట్టినప్పుడు వచ్చిందీ ఆవిడే. స్టీరింగు ముందు, అద్దం కింద ఉండే డాష్‌బోర్డు మెత్త ఎండిపోయి కాకి కాలులా మూడు పాయలుగా పగిలితే, కొత్తది వేయమని మామకు అప్పగించింది. పాతది ఊడదీయబోతే నాలుగు మరలు వచ్చాయి, ఐదోది తుప్పు పట్టి కదల్లేదు. గట్టిగా తిప్పితే ముందు అద్దం చిట్లుతుందేమోనని మామకు భయం పట్టుకుంది. ఆ కాలపు అద్దం మళ్ళీ దొరకదు. ఆ మాట ఆవిడతో అనేస్తే పోయేది. అనలేదు. పగుళ్ళలో బంక కుక్కి, పైన నల్ల రెక్సిన్ బిగలాగి అంటించాడు. "కొత్త మెత్త వేశానమ్మా" అన్నాడు. వేడికి బంక కరిగి గుట్టు బయటపడుతుందని, "ఎండలో మాత్రం పెట్టకండి" అని ఇంకో ముక్క తగిలించాడు.

ఆ ముక్కే ఆయన ప్రాణం మీదికి వచ్చింది. నర్సమ్మ ఇల్లు కొట్టుకు ఎదురుగానే, ఇంటి ముందు గొడుగంత నీడ లేదు. అందుకని ఆవిడ కారును రెండు వీధుల అవతల గోదాము గోడ పక్కన పెట్టి, అరిగిన మోకాళ్ళతో, చేతిలో సంచితో నడిచి వస్తోంది. పరదా దించుకున్నది అది చూడలేకే.

ఆ రోజు ఆ పరదా ఎత్తుకుని ఆవిడే లోపలికి వచ్చింది. స్టూలు మీద కూలబడి మెడ తుడుచుకుంది.

"మామా, నీ దగ్గర ఒక తప్పు ఒప్పుకోవాలి. తిట్టకూడదు."

"చెప్పండమ్మా."

"నిన్న చెల్లెలింట్లో కబుర్లలో పడి కారు ఎండలో వదిలేశాను. నీ మెత్త మీద మూడు గీతలు తేలాయి. నువ్వు చెబుతూనే ఉన్నావు. బంగారంలాంటి పని పాడుచేశాను."

మామకు తల కొట్టేసినట్టయింది. లోపల కుట్టు మిషను చప్పుడు ఆగింది, భార్య వింటోంది. 'సర్దేస్తాలెండి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నర్సమ్మ వంగి మోకాలు రుద్దుకుంటోంది. మామ లేచి కారు తాళం అడిగి తీసుకున్నాడు.

కారు తెచ్చి కొట్టు ముందు నిలిపి, ఇద్దరు ఆడవాళ్ళ ఎదుటా బ్లేడుతో రెక్సిన్ కోశాడు. కింద అదే పాత మెత్త, అవే పగుళ్ళు, అందులో తేనెరంగు బంక.

"కొత్తది వేయలేదమ్మా. మర రాలేదు. అద్దం పగులుతుందని భయపడ్డాను. అబద్ధం చెప్పాను."

నర్సమ్మ పగులులో వేలు పెట్టి చూసింది. "అయితే నేను మూడు వారాలు కాళ్ళీడ్చింది దీనికోసమా?"

మామ కోసిన రెక్సిన్ ముక్కను చేతిలో చుట్టుకున్నాడు.

"మీ అమ్మాయి తల్లి కడుపులో అడ్డం తిరిగిన రోజు నాకూ భయమేసింది. బయటికొచ్చి, నావల్ల కాదు, పెద్ద డాక్టర్ని పిలవమని నీ మొహాన చెప్పానా లేదా?"

"చెప్పారమ్మా."

"మరి?"

భార్య లోపలికి వెళ్ళి మళ్ళీ మిషను ముందు కూర్చుంది. మామకు అది తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

మర్నాడు అద్దాలవాణ్ణి పిలిచి ముందు అద్దం తీయించాడు. మొండి మరను తొలిచి, పాత మెత్త ఊడబెరికి, దాని కొలతకే కొత్త ఫోము చెక్కి, బంకతో అంటించి, నాలుగు రోజులు ఆరనిచ్చి రెక్సిన్ తొడిగాడు. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు.

"ఇప్పుడూ నీడలోనే పెట్టాలా?" అంది నర్సమ్మ.

"అక్కర్లేదమ్మా."

"అయితే ఇక్కడే పెడతాను. నీ కళ్ళ ముందే ఉంటుంది."

మిట్టమధ్యాహ్నం ఎండలో, సరిగ్గా కొట్టు ఎదుట నిలిపి, నాలుగడుగుల్లో ఇంట్లోకి వెళ్ళిపోయింది. భార్య పరదా ఊడదీసి నేల తుడవడానికి పెట్టుకుంది. మామ రోజుకు పదిసార్లు లేచి, కారు అద్దంలోంచి తొంగిచూసి వస్తాడు. మెత్త నున్నగానే ఉంది. కారుకు అవతలే ఉన్న నర్సమ్మ గుమ్మం వైపు చూడడమే ఇంకా ఆయన చేత కావడం లేదు.