ధర్మవరం ఎర్రనీళ్లు తేటపడిన రోజు

కదిరిలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుని బతికే నేను ధర్మవరం బస్సెక్కింది పట్టుచీరల కోసం కాదు, పట్టుకు రంగు వేశాక మిగిలే విషపు నీళ్ల కోసం. నా పాత విద్యార్థిని నాగమణి అక్కడ రంగుల బట్టీ నడుపుతోంది. "పక్కింటోళ్ల బోర్లో నీళ్లు ఎర్రగా వస్తాండాయి సార్. ఈ నెలలోపల ఏదో ఒకటి చేయకుంటే బట్టీ మూయిస్తామని వీధంతా మీదికొచ్చినారు" అని ఫోన్లో ఏడ్చింది. ఆ ఎరుపు రంగు అణువు నిర్మాణం చూశాను. మధ్యలో రెండు నైట్రోజన్ల జంట ఉంది. నేను కలిపే మందుతో అది తెగితే రంగు పోతుందనీ, తెగాక మిగిలే విషపు ముక్కలు కూడా అదే మందుకు లొంగుతాయనీ అంచనా కట్టాను. కాగితం మీద గెలవడం నాకు బాగా అలవాటు.

శనివారం ఏడింటికి బస్సెక్కి, ముదిగుబ్బలో టీ తాగి, తొమ్మిదికల్లా దిగాను. టికెట్ వందలోపే, ఆటోకు ముప్పై. "చీరలకాన్నా?" అన్నాడు ఆటో డ్రైవర్. "మురికినీళ్లకు" అన్నాను. "అవి ఊరికే ఇస్తార్లేన్నా!" అని నవ్వాడు.

బట్టీ మురుగంతా చేరే గుంతలోని నీళ్లు బకెట్‌కు తీసి, నా మందు, అంటే అన్నభేది అనే ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కొలిచి పోశాను. గంటైనా ఎరుపు ఎరుపే, పైగా గోధుమరంగు బురద. చూడవచ్చిన వీధివాళ్ల ముందు నా తల కొట్టేసినట్టయింది.

నాగమణి అత్త లక్ష్మమ్మ ఆ గుంత నీళ్లను వేళ్లతో రుద్ది చూసింది. "జారతాండాయి. పట్టుకు జిగురు తీసిన సబ్బు, సోడా నీళ్లు కూడా దీంట్లోనే పోస్తాం కదప్పా. రంగు తొట్టిలో అయితే యాసిడ్ ఉంటాది. అది లేకుంటే పట్టుకు రంగే ఎక్కదు."

నా మందు పనిచేయడానికి కావలసింది ఆ యాసిడే! గుంతలో సోడా దాన్ని విరిచేసింది. అణువును చదివాను కానీ, అది ఏ నీళ్లలో ఉందో అడగనే లేదు.

ఈసారి నేరుగా తొట్టి నీళ్లు పట్టి, చల్లార్చి, అదే కొలత పోశాను. ఎరుపు నారింజకు దిగింది, తర్వాత గడ్డిరంగుకు. మధ్యాహ్నానికి సున్నం కలిపి బురద తేర్చితే, బకెట్ అడుగు కనపడింది! ఎగిరి గంతేశాను, యాభై ఏళ్ల వయసులో. "ఏమప్పా, తాగొచ్చా?" అన్నాడు బోరు పాడైన పక్కింటి ఓబులేసు. రంగు పోయినంత మాత్రాన విషం పోయినట్టు కాదని చెప్పి, ఆ నీళ్లు సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపాను.

తొమ్మిదో రోజు రిపోర్టు వచ్చింది. విషపు ముక్కలూ లేవు. నా అంచనా నిజమే, కానీ దాన్ని నిజం చేసింది లక్ష్మమ్మ వేళ్లు. బట్టీ మూయిస్తానన్న ఓబులేసే పార పట్టి సబ్బునీళ్లకు వేరే గుంత తవ్వుతున్నాడని నాగమణి ఫొటో పంపింది. చూసి చాలాసేపు నవ్వుకున్నాను, కళ్లు కూడా తుడుచుకున్నాను.

ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పొద్దున్నే, రంగు తొట్టి నీళ్లు గుంతలోకి వదలకముందే చేరుకుని, ఏ నీళ్లు ఏ గుంతలోకి పోతాయో ముందు లక్ష్మమ్మ లాంటి వాళ్లను అడగండి. మందు సీసా మూత ఆ తర్వాతే తీయండి.