ఎవరి తప్పూ లేని విడాకులు

కులసంఘం ఇంట్లో పెద్దలందరూ చాయ తాగడం అయ్యాక బీరన్న గొంతు సవరించుకున్నాడు. మోత్కూరు దగ్గరి ఆ పల్లెలో ఆలుమగల తగవు ఏదైనా ఆయన ముందుకే వస్తుంది. తప్పెవరిదో తేల్చాలి, ఆ మనిషి చేతులు జోడించి సంఘం ముందు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే విడిపోయేందుకు ఇడుపు కాయితం ఇస్తారు. తాతల నాటి నుంచీ అదే రివాజు.

“చెప్పు బిడ్డా. కొడ్తడా?”

“కొట్టడు పెద్దనాయినా,” అంది మంజులత.

“తాగొచ్చి ఒర్లుతడా?”

“తాగడు.”

“మరి బయట ఇంకెవల్తోనన్న...”

“గసుంటి మనిషి గాదు.”

“గంత మంచోడైతే మా బిడ్డకన్న చేస్త, ఇయ్యుండ్రి,” అన్నాడు వెనక వరసలో ఒక ముసలాయన. అందరూ నవ్వారు.

బీరన్న నవ్వలేదు. మంజులత మొగుడు నరేశ్ వైపు తిరిగాడు. “నువ్వు జెప్పురా. వండిపెట్టదా? గిర్నికాడనే పడి ఇల్లు ఇడిసిపెట్టిందా?”

“గట్లేం లేదు మామా,” అన్నాడు నరేశ్ నేల చూస్తూ.

నిజంగానే ఏమీ లేదు. నరేశ్ బోర్లు వేసే లారీ మీద ఊళ్లు తిరిగేవాడు. అతను ఇంటికొచ్చిన రోజున మంజులత తను నడిపే పిండి గిర్నిలో ఇంకాసేపు ఉండిపోయేది. లారీ మళ్లీ కదిలినప్పుడు అతని ప్రాణం తేలికపడేది. పదేళ్లకు పైగా ఇద్దరూ ఈ సంగతి దాచుకున్నారు. ఒకనాడు అన్నం తింటూ నరేశే బయటికి అన్నాడు. ఆమెకు కోపం రాలేదు. వీపు మీది బస్తా ఎవరో దించినట్టయింది. అప్పటి నుంచి అతను తల్లి ఇంట్లో, ఆమె కూతురు అక్షితతో గిర్ని వెనక గదిలో. అలా ఏడాది దాటింది.

“తప్పు లేకుంట ఇడుపు లేదు,” తేల్చేశాడు బీరన్న. “ఉత్తగనే ఇడిపోవచ్చునంటే రేపు ఇంటింటికి అడుగుతరు.”

“అడగనీయుండ్రి పెద్దనాయినా,” అంది మంజులత, లేచి కొంగు దులుపుకుంటూ.

భువనగిరిలో ప్రమీలమ్మ అనే వకీలు ఉందని విని, ఇద్దరూ ఆమె దగ్గరికి పోయారు. ఆమె ముందుగా అక్షిత ఎవరి దగ్గర ఉంటుందో అడిగింది. తల్లి దగ్గర, ఆదివారాలు తండ్రి దగ్గర అని ఇద్దరూ ఒకేమాట చెప్పారు.

“మీరు ఏడాదికి పైనే వేరుగ ఉన్నరు. ఇష్టం ఇద్దరిది. కలిసి ఒక్కటే అర్జీ పెట్టాలె,” అంది ప్రమీలమ్మ. “ఆరు నెలలు ఆగి, మళ్ల ఇద్దరొచ్చి జడ్జి ముందట అదే మాట చెప్పాలె. నడుమ ఒక్కరు మనసు మార్చుకున్నా పని ఆగిపోతది.”

“తప్పు ఎవలిదని రాస్తరు మేడం?”

“ఎవరిదీ రాయం.”

మంజులత ఆ మాట మళ్లీ చెప్పించుకుని విన్నది.

అర్జీ పడ్డాక ఊరు ముఖం తిప్పుకుంది. పెళ్లి పిలుపులు గిర్ని దాకా వచ్చి పక్కింటికి మళ్లేవి. మంజులత అన్న నర్సింహ రావడం మానేశాడు. ఆడవాళ్లు మాత్రం పిండి లేనిదే గడవదు కనుక డబ్బాలు తెచ్చి వరసలో పెట్టి, మోటరు చప్పుడులో వినపడదనుకుని గుసగుసలాడేవాళ్లు. “మంజుల మొగుణ్ణి జల్లెడ పట్టిందటనే. పొట్టు గూడ ఎల్లలేదట.” ఆమెకు వినపడేది. పట్టించుకోకుండా మిరపకాయలు పోసేది.

రెండోసారి కోర్టుకు పోవలసిన ముందురోజు సాయంత్రం నరేశ్ గిర్నికి వచ్చాడు. ఆమె మోటరు ఆపింది.

“రేపు నేను రాను,” అన్నాడు. “బీరన్న మామ ఒక సంబంధం జూసిండు. మొదటిది ఎందుకు పోయిందని పిల్ల తరఫోళ్లు అడుగుతున్నరట. నువ్వు సంఘంల ఒక్కమాట ఒప్పుకుంటే అయిపాయె. నీకేం పోతది?”

మంజులత కనుబొమల మీది పిండి తుడుచుకుంది.

“నాకేం పోతదా? అక్షిత గీ ఊర్లనే పెరుగుతాంది. నీ తల్లి చెడ్డదని ఇనుకుంట పెరగాల్నా?”

నరేశ్ గడప వైపు తిరిగాడు.

“ఇను. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే కేసు ఎయ్యొచ్చు. అప్పుడు నువ్వు కొట్టినవని, తిట్టినవని చెప్పాలె. నేను చెప్ప. లేనిది నీ మీద చెప్ప, నా మీద ఒప్పుకోను. నువ్వు రాకుంటే ముసలోళ్లయ్యేదాంక గిట్లనే ఆలుమగలమై ఉందాం. గా కొత్త పిల్ల అందాంక కూసుంటదేమో జర అడుగు.”

“మొండిదానివి.”

“గిన్నేండ్లకు తెల్సిందా?” అని మోటరు వేసింది.

మరునాడు బస్సులో అతను లేడు. కోర్టు వరండాలో ప్రమీలమ్మ మాటిమాటికీ గేటు వైపు చూస్తోంది. మంజులత చూడలేదు, గోడకు ఆనుకుని నిలబడింది. పేర్లు పిలిచాక, చెప్పుల నిండా దుమ్ముతో నరేశ్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

ఎవరి బలవంతమైనా ఉందా అని అడిగింది జడ్జి.

“లేదు మేడం. ఇద్దరి ఇష్టమే,” అన్నాడు నరేశ్.

మంజులత కూడా అదే చెప్పింది. తప్పెవరిదని అడిగితే చెప్పడానికి ఆరు నెలలుగా ఒక జవాబు తయారు చేసుకుని ఉంది. జడ్జి ఆ మాటే అడగలేదు. విడాకులు ఇచ్చినట్టు చెప్పి, తర్వాతి కేసు పిలిపించింది.

తిరుగు బస్సు ఒకటే ఉంది. ఊరు దగ్గర పడుతుండగా నరేశ్ లేచాడు. “నేను గీ మూల మీద దిగుత. బస్సు స్టేజికాడ అందరుంటరు.”

“కూసో. ఏం దొంగతనం చేసినమా?”

కూర్చున్నాడు. స్టేజి దగ్గర హోటలు ముందు బీరన్న నలుగురితో ఉన్నాడు. ఇద్దరూ ఒకే మెట్టు మీది నుంచి దిగడం చూసి ఆయన చాయ గ్లాసు పక్కన పెట్టాడు.

“ఏమాయె బిడ్డా? తప్పు ఎవలి మీద పడ్డది?”

“ఎవ్వలి మీద పడలే పెద్దనాయినా. అసలు అడగనే లేదు.” తర్వాత నరేశ్ వైపు తిరిగి, గొంతు తగ్గించకుండానే అంది: “ఆదివారం అక్షితను తోల్కపోనీకె పొద్దుగాల రా.”

నరేశ్ బీరన్న ముఖం వైపు ఒకసారి చూశాడు.

“వస్త,” అన్నాడు, హోటలు లోపలివాళ్లకు కూడా వినపడేట్టు.