షామీర్‌పేట చెరువు పక్కన నాలుగు రోజులు

గర్భసంచి తీసేశాక డాక్టరమ్మ ఆరు వారాలు బరువులెత్తొద్దంది. మూడో వారానికే నేను బిందెలు మోస్తున్నాను. నాచారంలో మా గల్లీకి నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. ఇంట్లో ఎవరికి ఆపరేషన్ అయిందో అది చూడదు కదా. అత్తమ్మ చెడ్డది కాదు. నాలుగు కాన్పులకూ పదకొండో రోజే పొయ్యి ముందు కూర్చున్న మనిషి. నా విశ్రాంతి ఆమెకు అర్థమయ్యేది కాదు.

"రెస్టు గావాల్నంటే అమ్మగారింటికి పో" అనేది.

అక్కడ మా వదిన ఒక్కతే పదిమందికి వండుతుంది. ఆమె వండుతుంటే నేను కాళ్లు చాపుకుని తినగలనా?

దసరా సెలవుల్లో ఒక పొద్దున బిందె ఎత్తుతుంటే పొత్తికడుపులో కలుక్కుమంది. బిందె అక్కడే వదిలేసి లోపలికి వెళ్లి మా ఆయనతో చెప్పాను.

"నేను ఇంట్ల ఉండ. అమ్మగారింటికీ పోను. నాలుగు రోజులు నీళ్లు సూసుకుంట కూసుంట. మోసుడు గాదు, సూసుడే."

ఆయన మొదట నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు. మల్లాపూర్‌లో మెకానిక్కు ఆయన. ఎవరో వదిలించుకున్న పాత మెటడోర్ వ్యాను ఒకటి బాగుచేసి పెట్టుకున్నాడు. దాని వెనక సీట్లు విప్పేసి చెక్కలు బిగించాడు. పైన పరుపు, కిటికీలకు నా పాత చీరలు, మూలకు కిరోసిన్ స్టవ్వు.

"ఇల్లు పెట్టుకొని బండ్ల పండుకుంటరా? నలుగురు ఏమనుకుంటరు?" అంది అత్తమ్మ.

"అనుకోనియ్యి అత్తమ్మా. ఆ నలుగురిల ఒక్కరన్న నాకు బిందె పట్టిన్రా?"

ఎనిమిదేళ్ల మా పాపను ఎక్కించుకుని సైనిక్‌పురి మీదుగా షామీర్‌పేటకు వెళ్లాం. గంటన్నర ప్రయాణం కూడా లేదు. వానలకు చెరువు నిండుగా ఉంది. కట్ట చివర, నీళ్లు కనబడేలా చింతచెట్టు నీడలో బండి ఆపాడు. మర్నాడు నేను పది దాకా నిద్రపోయాను. పెళ్లయ్యాక అంతసేపు పడుకోవడం అదే మొదలు. లేచేసరికి ఆయన ఉప్మా మాడబెట్టి ఉంచాడు. అదే తిన్నాను, రెండుసార్లు పెట్టించుకుని.

ఆ సాయంత్రం దగ్గర్లోని పార్కులో జింకలను చూసొచ్చాం. తర్వాతి రోజు కీసరగుట్టకు వెళితే తండ్రీకూతుళ్లు మెట్లెక్కారు. నేను కింద బండి తలుపు తీసుకుని కూర్చున్నాను. దేవుడి దాకా పోలేదన్న బాధ కూడా కలగలేదు.

నాలుగో రోజు పక్క బంగ్లా వాచ్‌మన్ వచ్చాడు.

"సాబులొస్తున్నరు. బండి తీసెయ్యిన్రి. ఈడ సంసారం పెడితే మంచిగుండది."

మా ఆయన అప్పుడే పరుపు చుట్టడం మొదలుపెట్టాడు. ఎవరు గదిమినా పక్కకు జరగడం ఆయనకు అలవాటు.

"పరుపు చుట్టకు" అన్నాను. "నీ బంగ్లాల ఉండనియ్యుమని మేం అడిగినమా అన్నా? చెట్టు కింద ఉన్నం. నేను లేవ."

మాటా మాటా పెరుగుతుండగా టిఫిన్ డబ్బాతో అత్తమ్మ బస్సు దిగి వచ్చింది. మమ్మల్ని ఇంటికి తీసుకుపోదామని వచ్చిందట. సంగతేంటని అడిగి, విని, డబ్బా నా చేతిలో పెట్టి వాచ్‌మన్ వైపు తిరిగింది.

"నా కోడలికి కడుపు కోసిన్రు. జర పండుకుందామని వచ్చింది. నీ సాబులకు చెరువంత కండ్ల నిండ కనిపిస్తుంటే గీమె ఒక్కతే అడ్డమొచ్చిందా?"

"నా నౌకరి పోతదమ్మా."

"సాబునే నా దగ్గరికి తోలు. నేను జెప్త."

మధ్యాహ్నం జీపు వచ్చింది. దిగినాయన వ్యాను చుట్టూ తిరిగి, "లోపల స్టవ్ కూడా ఉందా?" అని ఆశ్చర్యపోయి బంగ్లాలోకి వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరూ రాలేదు.

తిన్నాక అత్తమ్మ పరుపు మీద ఒరిగింది. పట్టపగలు ఆమె నిద్రపోవడం నేనెన్నడూ చూడలేదు. "నానమ్మకు జరమొచ్చిందా?" అని పాప భయపడింది. నేను పాపను చెరువు అంచుకు తీసుకుపోయాను, ఆమెను ఎవరూ లేపకుండా. ఆ రాత్రి అత్తమ్మ ఇంటికి పోలేదు.

వ్యాను నడిచినన్నాళ్లూ ఏటా దసరా సెలవులకు ఏదో ఒక చెరువుకు నలుగురమూ వెళ్లాం. గల్లీలో ఎవరైనా "యాడికి? ఏమన్న మొక్కున్నదా?" అని అడిగితే, నాకంటే ముందు అత్తమ్మే జవాబిచ్చేది.

"మొక్కు లేదు, ఏం లేదు. పండుకోనీకి పోతున్నం."